ఇరవై శాతం తగ్గింపు.. ఇరవై రెండు రోజుల సెలవు

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీములో ఒకాయన మా అందరికీ క్లాసు పీకాడు. ఆయన ఆన్‌సైట్ మీద ఆర్నెల్లు జర్మనీ వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచీ ఎక్కడ ప్రయాణం మాటొచ్చినా ఎక్సెల్ షీటు తెరవనిదే ఊరుకోడు. "పాస్ కొనాలా, తగ్గింపు టికెట్ కొనాలా అన్నది ఐదు నిమిషాల లెక్క బాసూ. మన జనాలకి ప్లానింగ్ రాదు, అంతే. మన రైల్వే కూడా రానూపోనూ ఒకేసారి కొంటే ఇరవై శాతం తగ్గింపు ఇచ్చింది కదా? మీలో ఒక్కడైనా వాడుకున్నాడా?" అన్నాడు.

నేను అప్పుడే పెరుగన్నం కలుపుకుంటున్నాను కాబట్టి ఊరుకున్నాను. పెరుగన్నం అరిగింది గానీ ఆ మాట అరగలేదు. అందుకే ఈ టపా.

ముందు నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో చెప్పాలి. మాది కె.కోటపాడు, చోడవరం దగ్గర. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద అనకాపల్లి జిల్లా, కానీ ఎవరైనా అడిగితే నా నోటికి ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. మా ఊరికి రైలు లేదు. అనకాపల్లిలోనో, కొత్తవలసలోనో, పెందుర్తిలోనో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి అటూ ఇటుగా ఏడువందల కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి ఎక్కి శనివారం పొద్దున దిగడం, ఆదివారం రాత్రి మళ్ళీ ఎక్కి సోమవారం లాగిన్ అవడం.. నాలాంటి వాళ్ళకి సొంతూరు ప్రయాణం అంటే ఇదే. రెండు రోజులు. పండగైతే నాలుగు.

మా ఇంట్లో "పాసు" అంటే ఒకటే అర్థం. రైల్వేలో ఉద్యోగం ఉన్నోళ్ళకి ఇచ్చేది. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో నాన్న అడిగాడు, "ఏట్రా, మీ కంపినీవోళ్ళు రైలు పాసు ఇవ్వరేటి?" అని. అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగింది సరైన ప్రశ్నే. మాటిమాటికీ ఒకే దారిలో తిరిగేవాడికి ఒక పాసు ఎందుకు ఉండకూడదు?

సరే, విషయానికొస్తాను. అసలు పాస్ అంటే ఏంటి, తగ్గింపు టికెట్ అంటే ఏంటి? పాస్ కొన్నవాడు స్వేచ్ఛ కొంటున్నాడు. ఎప్పుడైనా ఎక్కు, ఎక్కడైనా దిగు. ఆ స్వేచ్ఛకి డబ్బు ముందే కట్టేస్తాడు, వాడినా వాడకపోయినా. తగ్గింపు టికెట్ కొన్నవాడు స్వేచ్ఛని అమ్ముకుంటున్నాడు. ఫలానా రోజు, ఫలానా రైలు, మాట తప్పితే డబ్బు పోయినట్టే అని ఒప్పుకుని, బదులుగా కొంత తగ్గించుకుంటాడు. రెండూ న్యాయమైన బేరాలే. మనకి ఏది కావాలో తెలిస్తే చాలు.

చిన్న ప్రయాణాలకి పాస్ చాలామందికి నష్టం. జపాన్ సంగతే చూడండి. జేఆర్ పాస్ ఏడు రోజులది 29,650 యెన్లు ఉండేది. టోక్యో నుంచి క్యోటో వెళ్ళి రావడానికి సుమారు 28 వేలు అవుతుంది కాబట్టి, పక్కన ఇంకొక్క చిన్న ఊరు చూసొస్తే పాస్ గిట్టుబాటు అయిపోయేది. 2023 అక్టోబర్‌లో దాన్ని ఒక్కసారిగా 50,000 చేశారు. అంటే అదే ప్రయాణానికి ఇప్పుడు పాస్ కొంటే ఇరవై వేల పైచిలుకు యెన్లు చేతులారా పారేసుకోవడమే. అయినా పాత సలహాలు చదివి కొనేవాళ్ళు ఉన్నారు. పైగా అది టూరిస్టులుగా వెళ్ళేవాళ్ళకి ఇచ్చేది, వర్క్ వీసా మీద ఉన్న మన ఆన్‌సైట్ బాబులకి వర్తించదు.

మా ఎక్సెల్ గారు పొగిడే జర్మనీ టికెట్ కూడా అంతే. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలైంది, 2025 జనవరిలో 58, 2026 జనవరిలో 63 అయింది. దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళలో తిరగొచ్చు, ఐసీఈల్లో మాత్రం కుదరదు. అదొక చందా. నెల పదో తారీఖు లోపు రద్దు చేయకపోతే పై నెల డబ్బులూ కోస్తారు. మూడు రోజుల ట్రిప్పుకి వెళ్ళి, రద్దు చేయడం మర్చిపోయి, రెండు నెలలు కట్టినవాడిని నేను ఎరుగుదును. ఆయన ఎవరో చెప్పను, భోజనం దగ్గర ఎక్సెల్ తెరుస్తాడని మాత్రం చెప్పగలను :-)

ఇంతవరకూ ఆయనా నేనూ ఒకటే. లెక్క వేసుకుని కొనాలి. గొడవ ఎక్కడంటే, లెక్క వేసుకోవడానికి ఆయనకి అక్కడ రెండు గడులు ఉన్నాయి. మాకు ఇక్కడ రెండూ ఖాళీ.

మన రైల్వేలో పాస్ ఏముంది? మంత్లీ సీజన్ టికెట్ ఉంది. అది చాలా మంచి పాస్, ఒట్టు. అనకాపల్లి నుంచి విశాఖపట్నం రోజూ పనికి వెళ్ళొచ్చేవాళ్ళకి దాన్ని మించింది లేదు. కానీ అది 150 కిలోమీటర్ల లోపు, మామూలుగా రిజర్వేషన్ లేని బోగీలకే. సర్క్యులర్ జర్నీ టికెట్ ఉంది. ఎనిమిది చోట్ల దాకా ఆగుతూ గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేవాళ్ళకి, అంటే తీర్థయాత్రలకి, అది బాగుంటుంది. ఇంటికెళ్ళి అదే దారిన వెనక్కొచ్చేవాడికి దానితో పని లేదు. విదేశీయులకీ ఎన్నారైలకీ ఒకప్పుడు ఇండ్‌రైల్ పాస్ అని ఉండేది, ఇప్పుడు అదీ లేదు. హైదరాబాద్‌లో పని చేసుకుంటూ ఏడాదికి ఆరేడుసార్లు ఊరెళ్ళే మనిషి కోసం ఆలోచించిన పాస్ మాత్రం ఎప్పుడూ లేదు.

ఇక తగ్గింపు టికెట్. ఆయన ఎత్తిపొడిచిన ఆ ఇరవై శాతం స్కీము ఏంటో చూద్దాం. 2025 ఆగస్టులో ప్రకటించారు, పండగ రద్దీకి రౌండ్ ట్రిప్ ప్యాకేజీ అని. వెళ్ళడం అక్టోబర్ 13 నుంచి 26 మధ్య ఉండాలి. తిరిగి రావడం నవంబర్ 17 నుంచి డిసెంబర్ 1 మధ్య ఉండాలి. రెండు వైపులా అదే క్లాసు, అవే స్టేషన్లు, అవే పేర్లు, రెండూ కన్ఫర్మ్ అయి ఉండాలి. మార్చుకోవడం కుదరదు, రద్దు చేసుకుంటే డబ్బు రాదు. ఆ ఇరవై శాతం తగ్గింపు కూడా తిరుగు ప్రయాణం బేస్ ఫేర్ మీద మాత్రమే.

తారీఖులు ఇంకోసారి చదవండి. అక్టోబర్ 26న ఆఖరి రోజు ఎక్కి, నవంబర్ 17న మొదటి రోజే తిరిగొచ్చినా మధ్యలో 22 రోజులు. ఆ ఏడాది దీపావళి అక్టోబర్ 20. ఇరవయ్యిన మతాబులు కాల్చుకున్నవాడు నవంబర్ 17 దాకా ఊళ్ళో ఏం చేయాలి? చెరుకు తోటకి కాపలా కాయాలా? ఏ మేనేజర్ ఇస్తాడండీ ఆ సెలవు? పోనీ బేస్ ఫేర్ 400 అనుకుందాం, స్లీపర్‌లో. ఇరవై శాతం అంటే 80 రూపాయలు. 22 రోజులకి 80 రూపాయలు అంటే రోజుకి నాలుగు రూపాయలు కూడా పడలేదు. నెల రోజులు ఊళ్ళో ఉండగలిగేవాళ్ళకి, అంటే సీజన్ పనులకి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళకి, అది పనికొచ్చి ఉండొచ్చు. వాళ్ళకి దొరికితే సంతోషమే. కానీ నాలుగు రోజుల ప్రయాణం చేసేవాడిని పట్టుకుని "నీకు తగ్గింపు ఇచ్చారు, నువ్వే వాడుకోలేదు" అనడం మాత్రం అన్యాయం. పైగా మా పండగ సంక్రాంతి. ఆ స్కీము తారీఖులకి సంక్రాంతితో సంబంధమే లేదు.

ఇంకో తగ్గింపు ఉంది, చాలామందికి తెలీదు. ఛార్టు తయారయ్యాక బెర్తులు మిగిలితే బేస్ ఫేర్‌లో పది శాతం తగ్గించి అమ్ముతారు, 2017 నుంచీ. మంచి ఆలోచనే. అయితే హైదరాబాద్-విశాఖ దారిలో శుక్రవారం రాత్రి ఛార్టు తయారయ్యాక బెర్తు మిగలడం అన్నది నేను ఇంతవరకూ చూడలేదు. మీరు చూసి ఉంటే అదృష్టవంతులు.

మరి చిన్న ప్రయాణం చేసేవాడికి మిగిలిందేంటి? రెండే రెండు. ఒకటి, 60 రోజుల ముందు కాచుకుని కూర్చోవడం. 2024 నవంబర్ 1కి ముందు ఇది 120 రోజులు. సంక్రాంతికి జనవరి 11న బయల్దేరాలంటే నవంబర్ 12 పొద్దున్న 8 గంటలకి యాప్ ముందు సిద్ధంగా ఉండాలి. రెండు, తత్కాల్. స్లీపర్‌లో బేస్ ఫేర్ మీద 30 శాతం అదనం, కనీసం వంద, గరిష్ఠం రెండువందలు. పైన అనుకున్న 400 లెక్కలోనే చూస్తే వైపుకి 120, రానూపోనూ 240. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేసుకుంటే పైసా రాదు. ప్రీమియం తత్కాల్ అయితే టికెట్లు అమ్ముడయ్యే కొద్దీ ధర పెరుగుతుంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. నెలల ముందు తెలిసి, మూడు వారాలు సెలవు పెట్టగలిగినవాడికి 80 రూపాయల ఇనాం. నిన్న రాత్రి తెలిసి ఇవాళ బయల్దేరాల్సినవాడికి 240 జరిమానా. దీన్నేనా మనం ప్లానింగ్ అంటున్నాం?

ఇక్కడొక సొంత విషయం చెప్పాలి. మా మామ్మ పోయిన ఏడాది పోయింది. రాత్రి పదకొండుకి నాన్న ఫోన్ చేశాడు. "బాబూ, మామ్మకి బాగులేదురా, వొచ్చీ" అని అంతే అన్నాడు. నాకు అర్థమైపోయింది. అప్పటికప్పుడు ఏ బస్సు దొరికితే ఆ బస్సు ఎక్కాను, మామూలు రేటుకి రెండింతల పైన పెట్టి. పెట్టగలను కాబట్టి పెట్టాను. మధ్యాహ్నానికి ఇంటి ముందు దిగాను. మా చిన్నాన్న కొడుకు కూడా హైదరాబాద్‌లోనే ఉంటాడు, ఏసీలు బిగించే పని. వాడికీ అదే ఫోన్ వచ్చింది. వాడి దగ్గర ఆ రోజు అంత డబ్బు లేదు, నన్ను అడగడానికి మొహమాటపడ్డాడు. జనరల్ బోగీలో నిలబడి వచ్చాడు. వాడొచ్చేసరికి సాయంత్రం అయింది, అప్పటికే అంతా అయిపోయింది. మామ్మ పెంచింది నన్ను కాదు, వాడిని.

వాడికి ప్లానింగ్ రాదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చావు 60 రోజుల ముందు చెప్పి రాదు. తల్లికి జ్వరం, చెల్లికి పురుడు, పొలం తగాదా.. ఏదీ చెప్పి రాదు. సొంతూరు చిన్న ప్రయాణాల్లో సగం ఇలాంటివే. వీటికి పనికొచ్చేది తగ్గింపు టికెట్ కాదు, పాస్. ముందుగా డబ్బు కట్టి పెట్టుకునే స్వేచ్ఛ. మనకి లేనిది సరిగ్గా అదే.

ఇంకొకటి. నాన్నకి 60 నిండింది 2021లో. అంతకుముందు 60 దాటిన మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం రాయితీ ఉండేది రైళ్ళలో. 2020 మార్చి 20 నుంచి కోవిడ్ పేరుతో ఆపేశారు. కోవిడ్ పోయింది, రాయితీ తిరిగి రాలేదు. పార్లమెంటు స్టాండింగ్ కమిటీ కనీసం స్లీపర్‌కీ, థర్డ్ ఏసీకీ అయినా పునరుద్ధరించమని చెప్పినా సరే. నాన్న ఆ రాయితీ ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన్ని హైదరాబాద్ రమ్మంటే "ఎందుకురా డబ్బులు తగలెయ్యడం, నువ్వే ఓ మాటు వొచ్చీ" అంటాడు. టికెట్ నేను తీస్తానన్నా అదే మాట. కొడుకు డబ్బైనా డబ్బే కదా ఆయనకి.

దీనికి ప్రభుత్వం చెప్పే జవాబు నాకు తెలుసు. ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇస్తూనే ఉన్నాం, 100 రూపాయలు ఖర్చయ్యే ప్రయాణానికి 54 తీసుకుంటున్నాం, 2022-23లో ఈ భారం 56,993 కోట్లు అని. ఇది చిన్న మాట కాదు, కొట్టిపారేయను. కానీ సగటు అన్నది మనలాంటి వాళ్ళకి బాగా తెలిసిన మాయ. ఆ లెక్క ప్రకారం నాకూ రాయితీ, మా నాన్నకీ రాయితీ, ఒకేలా. నాకెందుకండీ? నా జీతానికి టికెట్ ఇంకో వంద పెరిగినా కట్టగలను. ఇవ్వడానికి డబ్బు లేదంటే అర్థముంది. అందరికీ ఇస్తూ, అవసరం ఉన్నవాడికి వేరుగా ఇవ్వలేం అంటే ఎలా? ఆర్టీసీని చూడండి, 60 దాటినవాళ్ళకి 25 శాతం తగ్గిస్తోంది. 2025 ఆగస్టు 15 నుంచి అమ్మ కోటపాడు నుంచి వైజాగ్ పల్లెవెలుగులో ఆధార్ చూపించి ఉచితంగా వెళ్ళొస్తోంది. మా ఇంట్లోకి వచ్చిన మొట్టమొదటి పాసు అదే.

ఇక ఎక్సెల్ గారి గట్టి వాదన. "పాస్ ఇస్తే బెర్తులు పుడతాయా? నిండిన రైలుకి ఎవడైనా తగ్గింపు ఇస్తాడా?" నిజమే. పాస్ ధర సంగతి, బెర్తు ఖాళీ సంగతి. మొదటిది రెండోదాన్ని పుట్టించలేదు. రైళ్ళు పెంచనిదే సంక్రాంతి సమస్య తీరదు. కానీ తగ్గింపు ఒక పని చేయగలదు, జనాన్ని ఒక రోజు నుంచి ఇంకో రోజుకి జరపగలదు. ఆ 2025 స్కీము ఉద్దేశం కూడా రద్దీని పరచడమే అన్నారు కదా. అయితే మూడు వారాలు ఎవడూ జరగడు. మూడు రోజులు జరుగుతాడు. కనుమ మర్నాడు కాకుండా మంగళవారమో బుధవారమో తిరిగొస్తే ఇరవై శాతం తగ్గిస్తామంటే, ఇంటినుంచి పని చేసుకునే వీలున్న మనలో సగం మంది ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి ఆగిపోతాం. ఆదివారం రాత్రి బెర్తు మా చిన్నాన్న కొడుకులాంటి వాడికి మిగులుతుంది. వాడికి వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు, కోటపాడులో కూర్చుని కొండాపూర్‌లో ఏసీ బిగించలేడు.

నేను అడిగేవి మూడే.

ఒకటి, రెండు స్టేషన్ల మధ్య ఆరు ప్రయాణాల పాస్. ఏడాది గడువు, డబ్బు ముందే కడతాం. రోజు మేం ఎంచుకుంటాం, బెర్తు ఉంటేనే ఇవ్వండి. తత్కాల్‌లో దొరికితే మాత్రం ఆ అదనం వెయ్యకండి, ఏడాదికి రెండుసార్లే అయినా సరే. డబ్బు ముందుగా మీ దగ్గరే ఉంటుంది కాబట్టి మీకూ నష్టం లేదు.

రెండు, రానూపోనూ తగ్గింపుకి మధ్యలో రెండు రోజులు చాలు అనండి. రద్దీ లేని రోజులకే ఇవ్వండి, అభ్యంతరం లేదు.

మూడు, పెద్దవాళ్ళ రాయితీ కనీసం స్లీపర్‌లో తిరిగి ఇవ్వండి. నాలాంటి వాళ్ళ టికెట్ మీద ఓ పది రూపాయలు వేసుకోండి, కావాలంటే.

చివరగా మన గురించి. తత్కాల్ తెరిచే పదింటికీ పదకొండింటికీ మన ఫ్లోర్‌లో సగం స్క్రీన్ల మీద ఏముంటుందో మనకి తెలుసు. ఆఫీసు నెట్, నాలుగు బ్రౌజర్లు, ముందే నింపి పెట్టుకున్న పేర్లు. 2025 జూలై నుంచి ఆధార్ తప్పనిసరి చేశాక కాస్త తగ్గింది, అయినా మన వేళ్ళే ముందు. అనకాపల్లి కౌంటర్లో తెల్లవారుజామున లైన్లో నిలబడ్డ మనిషితో మనం పోటీ పడి గెలుస్తున్నాం. గెలిచాక మళ్ళీ ఆయనకే ప్లానింగ్ పాఠం చెప్తున్నాం. పాఠం చెప్పడం మానేద్దాం ముందు. ఒక రోజు అటూ ఇటూ జరగగలిగినప్పుడు, ఎవరూ తగ్గింపు ఇవ్వకపోయినా, ఆదివారం రాత్రి బెర్తు వదిలేద్దాం. నేను ఈ సంక్రాంతి తర్వాత మూడు రోజులు కోటపాడు నుంచే పనిచేశాను. కరెంటు రెండుసార్లు పోయింది, స్టాండప్ కాల్‌లో మా కోడి కూసింది, కొంపలేం మునగలేదు.

ఎక్సెల్ గారికి ఈ టపా లింకు పంపిస్తున్నాను. ఆయన షీటులో ఒక వరస ఖాళీగా ఉంది, "ప్రయాణం ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది" అని. అది నింపాక మళ్ళీ భోజనం దగ్గర మాట్లాడుకుందాం. మీరేమంటారు?